దిండి పడవలో ఒక గది, నాలుగు ధరలు

దిండి వెళ్ళి, గోదావరి మీద పడవలో ఒక రాత్రి పడుకుని ఇంటికి తిరిగొచ్చాను. ఈ సంగతి తెలిసి మా ముక్తేశ్వరంలో ఒక్కరు కూడా "ఎలా ఉంది?" అని అడగలేదు. అందరూ "ఎంతయింది?" అనే అడిగారు. వాళ్ళని తప్పు పట్టను. ఎవరింటికి కొత్త మంచం వచ్చినా ముందు ధర అడిగి తరవాత దానిమీద కూర్చునే మనిషిని నేను. ఊరికి ఆ గుణం అంటించింది నేనే.

ఇంకా వెళ్ళని వాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా చదువు మూడో తరగతిలో ఆగిపోయింది, కాబట్టి అక్షరాల్లో తప్పులుంటే సర్దుకోండి. ధరల్లో తప్పు ఉండదు. మా రేవులో పంటు ఎక్కితే చిల్లర డబ్బులకే అవతల కోటిపల్లిలో దింపుతారు. దిండి దగ్గర పారేది వేరే పాయ గానీ నీళ్ళు ఆ గోదావరివే. ఆ నీళ్ళ మీద పడుకోడానికి వేలు పోశాను. పోసి, అందులో లాభం కూడా తీశాననుకున్నాను. ఈ ప్రయాణంలో అన్నిటికంటే చూడదగ్గ వింత అదే.

ముక్తేశ్వరం

మా చెల్లెలు మాణిక్యం కొత్తపేటలో ఉంటుంది. అంతకుముందు ఏళ్ళ తరబడి కువైట్‌లో ఒక పెద్ద ఇంట్లో వంట చేసింది. ఆ ఇంట్లో వాళ్ళు మంచివాళ్ళే, జీతం ఏనాడూ ఆపలేదు. కాకపోతే పూటకి ఇరవై మందికి వండి, అందరూ తిన్నాక, వంటింటి గట్టు దగ్గర నిలబడి తినేదట. ఒకరోజు అక్కడ ఉల్లిపాయలు తరుగుతూ ఫోనులో దిండి పడవ చూసిందట. ఒకావిడ కుర్చీలో కూర్చుని గోదావరి చూస్తూ ఉంటే, ఒకతను ట్రే పట్టుకొచ్చి ముందు పెడతాడు. ఆవిడ ఆ ట్రే కేసి కూడా చూడదు.

"ఆ చూడకపోవడం ఉంది చూశావా అక్కా, అది నచ్చింది నాకు," అంది మాణిక్యం. "నాకు నగలొద్దు, కాశీ వద్దు. ఒక్కరోజు ఆ పడవలో కూర్చోవాలి. ఎవరో వండి తెచ్చి పెట్టాలి. తిని లేచిపోవాలి. పొయ్యి మొహం చూడకూడదు. బేరం నువ్వాడు, నీకు బాగా తెలుసు."

అక్కడే దెబ్బతిన్నాను. నాకు బేరం బాగా తెలుసు అన్నవాళ్ళ మాట నేను ఎప్పుడూ నమ్ముతాను.

మాకు కొద్దిగా కొబ్బరితోట ఉంది. కొబ్బరి బేరంలో తిన్నగా కాయ ధర అడిగేవాడు పిచ్చివాడు. దింపు ఎవరిది, అంటే చెట్టెక్కి కాయ దించే కూలి ఎవరిస్తారు? ఒలుపు ఎవరిది, అంటే పీచు తీసే కూలి ఎవరిస్తారు? లారీ దాకా మోత ఎవరిది? ఇవన్నీ తేలాకే కాయ ధర. ఒకే చెట్టు కాయ, ఒకే రోజు, ముగ్గురు షావుకార్లు మూడు ధరలు చెబుతారు. మూడూ నిజమే. ఈ సంగతి పెళ్ళయిన కొత్తల్లోనే నేర్చుకున్నాను. పడవ దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాను.

మొదట అమలాపురంలో ఒక అద్దాల కొట్టుకి వెళ్ళాను. గోడనిండా విమానాల బొమ్మలు. అక్కడి ఏజెంటు, "రూముకి తొమ్మిది వేలండి. అన్నీ కలిపేనండి," అన్నాడు. నేను వెంటనే లేచి నిలబడ్డాను. కొబ్బరి బేరంలో లేచామంటే వెళ్ళిపోతున్నామని కాదు. షావుకారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ధర కాస్త జరుపుతాడు. ఈ ఏజెంటు మాత్రం, "ఆయ్, మంచిదండి, ఆలోచించుకుని రండి," అని తలుపు కూడా తీసి పట్టుకున్నాడు. చెప్పు సరిచేసుకుంటున్నట్టు గుమ్మంలో కాసేపు వంగి నిలబడ్డాను. పిలవలేదు. రెండో చెప్పు కూడా సరిచేసుకున్నాను. ఏసీ చల్లదనం పోతోందని తలుపు వేసేశాడు.

రాజోలు ఏజెంటుతో ఫోనులో మాట్లాడితే ఎనిమిది వేలని చెప్పి, పడవ ఫొటో పంపాడు. కొత్తపేటలో జిరాక్సు కొట్టతను రైలు టిక్కెట్లతో పాటు పడవలు కూడా మాట్లాడతాడు. అతను ఐదున్నర వేలన్నాడు. ముగ్గురూ చూపించిన ఫొటో ఒక్కటే. పడవ అంచున ఎర్ర తువ్వాలు ఒకటి ఆరేసి ఉంది. ముగ్గురి దగ్గరా ఆ తువ్వాలు ఆరుతూనే ఉంది.

"ఒకటే పడవకి వాళ్ళకంత, నీకింత ఏమిటి బాబూ?" అని కొత్తపేట అతన్ని అడిగాను.

"మాది డైరెక్టండి. వాళ్ళు మధ్యవాళ్ళండి."

మిగతా ఇద్దరూ కూడా సరిగ్గా ఈ మాటే అన్నారు.

"వంటవాడు ఉంటాడా?"

"ఎందుకుండడండి!"

"కూర్చోబెట్టి వడ్డిస్తాడా?"

"బ్రహ్మాండంగా వడ్డిస్తాడండి. సామాను మాత్రం మీరు పట్టుకెళ్తే మంచిదండి. మీ రుచి మీది కదండి. మంగళవారం అయితేనే ఈ రేటండి."

బియ్యం, పప్పు మనవి, వంట వాళ్ళది, అందుకే ధర తగ్గిందని లెక్క కట్టుకున్నాను. మంగళవారం ప్రయాణం పనికిరాదని ఇంట్లో అందరినీ ఆపేది నేనే. మూడున్నర వేలు కలిసొస్తుంటే మంగళవారం నాకు శుక్రవారంలా కనబడింది. అక్కడికక్కడే డబ్బు కట్టేసి, మాణిక్యానికి ఫోను చేసి, "ఐదున్నరకి తెంపాను," అన్నాను. దింపు, ఒలుపు అడిగే నోటితో "మాకు కూడా వండుతాడా?" అన్న ఒక్క ముక్క అడగలేదు.

అమలాపురం బస్టాండు

బస్టాండులో కలుసుకున్నాం. మాణిక్యం నీలం చీర, చేతికి చిన్న సంచి, నల్లకళ్ళద్దాలతో దిగింది. నా దగ్గర బియ్యం, కందిపప్పు, వంకాయలు, నూనె సీసా, చింతపండు, రెండు కొబ్బరికాయలు ఉన్న గోతాం సంచి.

"ఇదేంటక్కా?"

"సామాను. వాళ్ళ బియ్యం మనకెందుకు, ముతకగా ఉంటాయి."

"వండేది వాళ్ళే కదా?"

"నీకెందుకు, నువ్వు కూర్చో."

కారు మాట్లాడదామంది మాణిక్యం. ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు లేకుండా చేశాక కారెక్కితే గవర్నమెంటుని అవమానించినట్టే అని, దాన్ని చెయ్యి పట్టుకుని రాజోలు బస్సెక్కించాను. కండక్టరు ఆధార్ కార్డులు చూసి సున్నా టిక్కెట్లు చేతిలో పెట్టి, నా గోతాం కేసి చూశాడు.

"దీనికి టిక్కెట్టు కొట్టమంటారా మామ్మగారూ?"

"సంచీ ఆడమనిషిదే బాబూ."

బస్సంతా నవ్వింది. నేను గెలిచాననుకున్నాను. ఆ రోజు నేను గెలిచింది ఆ ఒక్కచోటే కాబట్టి రాస్తున్నాను.

పాశర్లపూడి వంతెన

వంతెన మీదికి బస్సెక్కగానే రెండు వైపులా నీళ్ళు, ఒడ్డున కొబ్బరి తలలు. మాణిక్యం అద్దాలు తీసి చూస్తోంది. ముందు సీటులో ఎండుచేపల బుట్టతో ఒకావిడ కూర్చుంది. మా వైపు ఎండుచేపల బుట్ట బస్సెక్కితే పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఇక్కడ ధర అడుగుతున్నారు. ఈ వైపు జనం మీద నాకు గౌరవం పెరిగింది.

"ఎందాకండీ?" అందావిడ వెనక్కి తిరిగి.

"దిండి దాకా."

"చుట్టాలున్నారేటండీ?"

"లేరమ్మా. పడవలో పడుకోడానికి వెళ్తున్నాం."

ఆవిడ మా ఇద్దరినీ, నా గోతాన్నీ మార్చి మార్చి చూసింది. కాస్త దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమన్నా మాటా మాటా వచ్చిందేటండీ?" అని అడిగింది.

మాణిక్యం చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఏమీ లేదమ్మా, సరదాకి, అని నేను ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. దిగేముందు నా చెయ్యి పట్టుకుని, "కోడలు చిన్నపిల్లండీ, మనమే సర్దుకోవాలి," అని చెప్పి వెళ్ళింది. నాకు కోడలు లేదు, ఉన్నది ఇద్దరు కూతుళ్ళు. అయినా ఆవిడ అంత బాగా చెప్పేసరికి "అలాగేనమ్మా" అనేశాను.

రాజోలు

రాజోలులో దిగి రొయ్యలు కొన్నాను. మా వైపు ఇప్పుడు అందరూ కాటా మీద తూచి అమ్ముతున్నారు. ఇక్కడ ఒకామె కుప్పలుగా పోసి పెట్టింది. కుప్ప ఇంత అని ధర. కుప్పకి పైన గుప్పెడు వెయ్యమన్నాను, వేసింది. మళ్ళీ గుప్పెడు అన్నాను, వేసింది. మూడోసారికి, "మీరు ఇటొచ్చి కూర్చోండి మామ్మగారూ, నేను అటు నిలబడి కొంటాను," అంది.

మధ్యాహ్నం భోజనం హోటల్లో చేశాం. రాజోలు వైపు మర్యాద మాకంటే ఒక పిసరు ఎక్కువే. హోటలాయన దేనికీ కాదనడు. "మామిడికాయ పప్పు ఉందా?" "ఆయ్." "పెరుగు గడ్డగా ఉంటుందా?" "ఆయ్." భోజనం బాగుంది, పప్పు పుల్లగా, వేడిగా ఉంది. ఆ ఊపులో, "ఇద్దరం పెద్దవాళ్ళం, తక్కువ తిన్నాం, బిల్లు తగ్గిస్తారా?" అన్నాను. "ఆయ్," అన్నాడు నవ్వుతూ. తగ్గించలేదు. ఇంకోసారి అడిగాను. ఇంకోసారి "ఆయ్" అన్నాడు. పూర్తి బిల్లు ఇచ్చి బయటికొచ్చాం. మనసు మాత్రం తగ్గించినంత హాయిగా ఉంది.

అంతకుముందు, తినగానే మాణిక్యం రెండు కంచాలూ ఎత్తబోయింది. సర్వరు లాక్కున్నాడు. "అలవాటక్కా," అంది సిగ్గుపడి. "రేపటి దాకా మానుకో," అన్నాను.

దిండి రేవు

రేవు ముందు ఒకతను కొబ్బరిబోండాలు అమ్ముతున్నాడు. ఎండలో వచ్చామని మాణిక్యం రెండు కొట్టించింది. తాగాక ధర అడిగాను. నా నియమానికి అదొక్కటే భంగం. బోండం అరవై రూపాయలట.

"ఎక్కడి కాయలు బాబూ ఇవి?"

"ముక్తేశ్వరం వైపు నుంచి వస్తాయండి. నీళ్ళు తియ్యగా ఉంటాయండి."

తియ్యగానే ఉన్నాయి. మా దొడ్లో కాయని వదిలేసి, ఒక పాయ దాటొచ్చి, అరవై పోసి తాగాను. చెట్టు దగ్గర దానికి నాకెంతిస్తారో మాత్రం మాణిక్యానికి చెప్పలేదు.

పడవ అంటే పడవ కాదు, నీళ్ళ మీద డాబా. రెండు గదులు, ముందు వరండాలో నాలుగు పేముకుర్చీలు, వెనక చిన్న వంటగది. ఎర్ర తువ్వాలు కనబడలేదు. ఎట్టకేలకు ఆరిందన్నమాట. రెండో గదిలో అమలాపురం నుంచి వచ్చిన రత్నకుమారి టీచరు గారు, వాళ్ళాయన ప్రకాశం మాస్టారు. ఇద్దరూ హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. రాగానే, "రండి, రండండీ, కూర్చోండి," అని కుర్చీలు జరిపారు.

పడవ కదిలింది. మాణిక్యం కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపి, గోదావరి చూస్తోంది. ఫోనులో కనబడ్డ ఆవిడలాగే కూర్చుందనిపించింది. నాకు గర్వంగా ఉంది. ఆ గర్వంతోనే మాస్టారిని అడిగాను.

"మీరు ఎంతకి మాట్లాడుకున్నారండీ?"

"ఏడున్నర వేలండి. రాజమండ్రి ఏజెంటు ద్వారా రెండు నెలల ముందే చేసేం."

"అయ్యో పాపం," అన్నాను. "మాకు ఐదున్నరే."

మాస్టారి ముఖం వాడిపోయింది. టీచరు గారి కేసి తిరిగి, "నేను చెప్పేనా, ఇంకోచోట అడుగుదామని?" అన్నారు. ఆవిడ, "మీరు ఒప్పుకున్నది పదివేలకండీ, ఏడున్నరకి దించింది నేను," అన్నారు. అలా ఒక సంసారంలో నిప్పు పెట్టి, నేను హాయిగా కూర్చున్నాను.

అప్పుడే వంటగది నుంచి ట్రే వచ్చింది. వంటతను సూరిబాబు, నలభై ఏళ్ళ మనిషి, భుజాన తువ్వాలు. ట్రేలో వేడివేడి అరటికాయ బజ్జీలు, టీ. మాణిక్యం దాని కేసి చూడలేదు. చూడకుండా ఉండాలని ఎంత కష్టపడుతోందో నాకు తెలుస్తూనే ఉంది. ట్రే మా కుర్చీల ముందు నుంచి దాటి వెళ్ళి, టీచరు గారి ముందు ఆగింది.

"మాకేదయ్యా?" అన్నాను.

"మీది భోజనం లేని బుకింగండి మామ్మగారూ. గది ఒక్కటేనండి."

"వంటవాడుంటాడని చెప్పేడే!"

"ఉన్నానండి కదా. భోజనం కట్టినవాళ్ళకండి. మీరు సామాను తెచ్చుకున్నారంటే మీరే వండుకుంటారనండి. రెండో పొయ్యి ఖాళీయేనండి, వాడుకోండి."

మాణిక్యం చాపిన కాళ్ళు వెనక్కి ముడుచుకుంది.

పడవ మేనేజరు అక్కడే ఉన్నాడు. అతన్ని పట్టుకుని దులిపాను. ఒకే పడవకి ఇన్ని ధరలేమిటి, ఇదేమన్నా ధర్మమా అన్నాను. పాపం, అతను ఓపిగ్గా చెప్పాడు.

"మోసమేం లేదండి. ఓనరు గారు కొన్ని గదులు ముందే ఏజెంట్లకి ఇచ్చేస్తారండి. అమ్ముడవకపోతే ఆ నష్టం ఏజెంటుదేనండి. అందుకని ఆఖర్లో వచ్చినంతకి వదిలేస్తారండి. శనాదివారాలు ఒక రేటండి, మధ్యలో ఒక రేటండి. ఒకాయన భోజనం, టాక్సు కలిపి చెబుతారు, ఇంకొకాయన విడగొట్టి చెబుతారు. పైన కమీషను ఎవరి ఇష్టం వాళ్ళదండి. తక్కువ చెప్పినాయన ఏదో ఒకటి తీసేసే చెబుతాడండి. ఏం తీసేడో మనం అడగాలండి."

ఇది మా తోటలో నేను షావుకారుకి చెప్పే పాఠమే. దింపు, ఒలుపు, మోత తీసేసి చెట్టుమీద కాయ ధర చెప్పాడు నాకు కొత్తపేట అతను. నేను ఒలిచిన కాయ అనుకుని సంబరపడ్డాను. మాస్టారి ముఖం మళ్ళీ వికసించింది. "అయితే మా ఏడున్నరలో భోజనం ఉందన్నమాట," అని బజ్జీ కొరికారు. "తీసుకోండి మామ్మగారూ," అని నాకూ ఒకటి ఇచ్చారు. ఆ బజ్జీ ఎలా దిగిందో నాకే తెలుసు.

వంటగది

ఇటు చూసేసరికి మాణిక్యం లేదు. గోతాం కూడా లేదు. వెనక్కి వెళ్ళేసరికి చీర చెంగు నడుముకి బిగించి, రొయ్యలు గిన్నెలో పోసుకుంటోంది.

"పాడైపోతాయక్కా ఎండకి."

"నువ్వు వెళ్ళి కూర్చో. నేను వండుతాను."

"నువ్వా?" అంది. అందులో చాలా ఉంది. నా వంటలో నూనె చుక్కలు లెక్కపెట్టొచ్చని మా ఇంట్లో సామెత.

అయినా దాన్ని వరండాలోకి తోసి, పొయ్యి వెలిగించాను. వంకాయలు తరగబోతే నా వెనక నిలబడి ఉంది. మళ్ళీ తోశాను. ఈసారి గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"మాణిక్యం, కూర్చోవే!"

"నువ్వు పొయ్యి దగ్గర నిలబడితే నేనెలా కూర్చోను? నా వల్ల కాదక్కా. పోనీలే, ఇద్దరం కలిసి గబగబా చేసేద్దాం. గోదావరి ఎక్కడికి పోతుంది?"

నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూశాక నా ఐదున్నర వేల బేరం ఏమిటో నాకు అర్థమైంది. దానికి కావలసింది మంచి వంట కాదు. తన మనిషి కాని మనిషి ఎవరో పొయ్యి దగ్గర ఉండాలి. నేను ఉన్నంతసేపూ అది వంటింట్లోనే ఉంటుంది.

పొయ్యి ఆర్పేసి సూరిబాబు దగ్గరికి వెళ్ళాను.

"మా ఇద్దరికీ కూడా నువ్వే వండు. ఎంత?"

"ఇప్పటికిప్పుడంటే ఒడ్డుకి మనిషిని పంపించాలండి. రాత్రి భోజనం, పొద్దున్న టిఫిను, టీలు... మనిషికి రెండు వేలండి."

"రొయ్యలు మావి, బియ్యం మావి."

"బియ్యం పట్టుకెళ్ళిపోండి మామ్మగారూ, నేను మెనూ ప్రకారమే చెయ్యాలండి. రొయ్యలు ఐసు లేకుండా ఆగవు కాబట్టి ఇవ్వండి, వేపుతాను."

బేరమాడాను. ఎప్పటిలాగే లేచి నిలబడదామంటే ముందునుంచీ నిలబడే ఉన్నాను. వెళ్ళిపోదామంటే చుట్టూ గోదావరి. చివరికి మనిషికి పద్ధెనిమిది వందలకి దిగాడు. ఐదున్నర వేలకి ఇది కలిపి చూసుకోండి. అమలాపురంలో "అన్నీ కలిపి" అని చెప్పి తలుపు తీసి పట్టుకున్న అతని ధరకంటే వంద రూపాయలు ఎక్కువైంది. రొయ్యలు, బోండాలు ఇందులో కలపలేదు.

రాత్రి భోజనం

పొద్దు వాలగానే పడవని ఒడ్డుకి కట్టేశారు. సూరిబాబు బల్లమీద అన్నం, చేపల పులుసు, ములక్కాడ కూర, నా రొయ్యల వేపుడు పెట్టాడు. వేపుడు నాలుగు కంచాల్లోనూ పడింది. "ఇది మా మెనూలో లేదే!" అని మాస్టారు రెండోసారి వేయించుకున్నారు. రాజోలులో కొసరాడి కొసరాడి వేయించుకున్న గుప్పెళ్ళు రెండూ ఆయన కంచంలోకే వెళ్ళాయని నా అనుమానం. బజ్జీ రుణం తీరిపోయింది.

ఇంత చేసీ లాభం లేకపోయింది. మాణిక్యం కుర్చీ అంచునే కూర్చుంది. సూరిబాబు గిన్నె తెస్తే లేచి అందుకుంటుంది. "మీరు తిన్నారా?" అని అడుగుతుంది. "వేడి గిన్నె, గుడ్డ పట్టుకోండి," అంటుంది. అందరికంటే ముందు తినేసి, మేం తినడం అవ్వగానే తన కంచం, నా కంచం, మాస్టారి కంచం కూడా పట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. కుళాయి చప్పుడు వినబడింది. మూడు వేల ఆరు వందలు ఆ కుళాయిలో పోతున్నట్టనిపించింది నాకు.

కాసేపటికి సూరిబాబు గొంతు వినిపించింది. కోపం లేదు, కంగారుంది.

"అమ్మగారూ, మీకు దణ్ణం పెడతానండి, అవి వదిలెయ్యండి. గెస్టులు కంచాలు కడుగుతున్నారని మేనేజరు గారు చూస్తే, నేను పని చెయ్యట్లేదంటారండి. నా పని మీరు చేసేస్తే నేనెందుకండి ఇక్కడ?"

మాణిక్యం తడిచేతులతోనే వచ్చి నా పక్కన కూర్చుంది. చీర చెంగుకి చేతులు తుడుచుకుంది. తరవాత, "కువైట్‌లో ఆ ఇంట్లో పెద్దమ్మాయి ఒకసారి సరదాకి వంటగదిలోకి వచ్చి అన్నీ తనే చేసేసిందక్కా," అంది. "ఆ రోజంతా నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. ఇంక నాతో పనిలేదని పంపించేస్తారేమో అనుకున్నాను. ఇప్పుడు ఇతన్ని నేను అలాగే హడలగొట్టాను."

లేచి గదిలోకి వెళ్ళింది. గదిలో ఏసీ ఉంది. దానికి కూడా డబ్బిచ్చాం కదా అని రాత్రంతా వేసే ఉంచాను. తెల్లారేసరికి ఇద్దరికీ ముక్కులు దిబ్బడేశాయి.

మర్నాడు పొద్దున్న

మంచు ఇంకా నీళ్ళమీదే ఉంది. అవతలి ఒడ్డున ఎవరో వల విసురుతున్నారు. ఇదంతా మా రేవులో రోజూ చూసేదే. కానీ అక్కడ నేను ఎప్పుడూ కూర్చుని చూడలేదు. చేతిలో ఏదో ఒక పని ఉంటుంది.

మాణిక్యం ముందే వచ్చి కుర్చీలో కూర్చుంది. అంచున కాదు, వెనక్కి వాలి. నేను పక్కన కూర్చున్నాను. టీచరు గారు వాళ్ళు అవతల కూర్చున్నారు.

సూరిబాబు పెసరట్లు తెచ్చాడు. మాణిక్యం గోదావరి కేసే చూస్తూ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. కంచం కొంచెం ముందుకి జరిపింది.

"సూరిబాబు గారూ. ఇది మెత్తగా ఉందండి. ఎర్రగా కాల్చి ఇంకోటి పట్టుకురండి."

నేను నాది అప్పటికే సగం తిన్నాను. చక్కగా ఎర్రగానే ఉంది. కరకరలాడుతోంది. "బాగానే ఉంది కదే" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. బాగున్న అట్టుని వెనక్కి పంపడం మా వంశంలో ఎవరూ చెయ్యలేదు. కంచంలో మెతుకు వదిలితే చిన్నప్పుడు దాని వీపు మోగించినదాన్ని నేనే. ఆ మాటని నీళ్ళు తాగి మింగేశాను.

"ఆయ్, ఇప్పుడే తెస్తానండి," అని సూరిబాబు కంచం తీసుకెళ్ళాడు. అతని ముఖంలో చిరాకేమీ లేదు. రాత్రికంటే తేలిగ్గానే ఉన్నాడు.

రెండోది వచ్చింది. మాణిక్యం రుచి చూసింది.

"ఇది కొంచెం మాడిందండి."

మాస్టారు నవ్వాపుకోడానికి వల విసిరేవాళ్ళ కేసి తిరిగారు.

"ఎలా కావాలో చెప్పండమ్మగారూ, అలాగే వేస్తానండి."

"మొదటిదానికీ దీనికీ మధ్యలో," అంది మా చెల్లెలు. "అల్లం ఎక్కువ వెయ్యండి. టీ చల్లారిపోయింది, అది కూడా."

మూడోది తింది. మొత్తం తింది, తీరిగ్గా, మధ్యమధ్య ఆగి నీళ్ళ కేసి చూస్తూ. బాగుందని గానీ లేదని గానీ అనలేదు. నేను ఎప్పుడో తినేశాను. అలవాటు కొద్దీ కంచం పట్టుకుని లేవబోయాను.

"కూర్చో అక్కా," అంది మాణిక్యం, నా కేసి చూడకుండా. "అతనొస్తాడు."

తిన్న చెయ్యి కంచం ముందు ఎండబెట్టుకుని కూర్చోకూడదంటారు. దరిద్రం అంటారు. కూర్చున్నాను. వెనక వంటగదిలో సూరిబాబు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు, తొందరలో ఉన్నట్టు లేడు. ఎండ కాళ్ళమీదికి వచ్చింది. ఇద్దరి చేతులూ ఎండిపోయాయి.